ఒడెస్సా కట్టిన చరణం

“ఇంకోసారి పెట్టత్తా! ఆ నిద్దరోయిన అమ్మ చరణం ఇంకొక్కసారి!” అంది పక్కింటి లవీనియా, ఒడెస్సా వంక ఓరగా చూస్తూ.

టెంపీ గర్వంగా గ్రామఫోను తిప్పి ముల్లు మళ్లీ మొదట్లో పెట్టింది. కొడుకు సీఫస్ ఉత్తరాదికి రైలెక్కి పోయి పాడివచ్చిన మొదటి రికార్డు అది. డెల్టా పత్తిచేలల్లో పెరిగినవాడి గొంతు పెట్టెలోంచి పలుకుతుంటే ఏ తల్లికి గర్వం కాదు! గదినిండా ఆడవాళ్లు... వంటింటి గుమ్మంలో, మొక్కజొన్న పిండి చేతులతో అలాగే నిలబడిపోయింది కోడలు ఒడెస్సా.

“అమ్మ నిద్దరోయింది, పొయ్యి ఆరిపోయింది... తెల్లారి చూస్తే నా చిట్టితల్లి మంచుగడ్డైపోయింది...”

“ఏం నిద్దరే తల్లీ! మాకు దోమ వాలితేనే మెలకువొస్తుంది” అంది లవీనియా, టెంపీ వైపు తిరిగి.

“నన్నడుగుతావేం? నా మనవరాల్ని పొట్టనబెట్టుకుంది, దాన్నడుగు!” అంది టెంపీ.

ఒడెస్సా చేతుల పిండి దులుపుకుంది. ఆ రాత్రి తను రెప్ప వాల్చిందెక్కడ! చంటిపిల్ల ఒనీటాకు ఒళ్లు కాలిపోతోందని, ఈ ఒక్కపూటకి బండి ఉంచమని సీఫస్ కాళ్లు పట్టుకుంది. నది అవతల ఆటపాటకి ఒప్పుకున్నాను, పోకపోతే ఇంకొకడు వాయిస్తాడని, కంచరగాడిదను బండికి కట్టుకుని పోయాడు. డాక్టరుండే ఊరికి పిల్లను భుజాన వేసుకుని నడిచింది ఒడెస్సా... దారిలోనే పోయింది పిల్ల! మర్నాడు అతను నేలమీద పడి ఏడుస్తుంటే జాలిపడింది. అప్పుడు కూతురింట ఉన్న అత్తగారికి కూడా నిజం చెప్పలేదు. కట్టుకున్నవాడి పరువని గుండెల్లోనే దాచుకుంది. ఆ మౌనానికి ఇదా ఫలం!

సాయంత్రం అతనొచ్చాక అడిగింది. “నేను నిద్దరోయానా సీఫస్? నా మొహం చూసి చెప్పు.”

గిటారు తీగలు బిగిస్తూ నవ్వాడతను. “పిచ్చిదానా, అది పాట! తండ్రిది తప్పంటే ఎవడు కొంటాడే? తల్లిది తప్పంటే ఊరూవాడా ఏడుస్తుంది. నా పాట నీకు తిండి పెట్టట్లేదూ?”

“పెడుతోంది... నా బిడ్డను వండి పెడుతోంది!”

ఆ శనివారం పొద్దు గుంకుతుండగా, చర్చి తప్ప మరో గడప తొక్కని ఒడెస్సా ఆటపాటల పాకలోకి అడుగుపెట్టింది. వేయించిన చేపల వాసన, నాటుసారా కంపు... జనం పక్కకు జరిగారు. కొడుకు వైభవం చూద్దామని వచ్చిన టెంపీ ముందు బెంచీ మీద కూర్చుని ఉంది. సీఫస్ ఆ పాటే వాయిస్తున్నాడు. ఆ పాకలో ఒక కట్టుబాటుంది. పాట మధ్యలో ఎవరు చరణం అందుకున్నా వాయించేవాడు చెయ్యి ఆపకూడదు. ఆపితే మళ్లీ వాడిని ఎవరూ పిలవరు. ఒడెస్సా కళ్లు మూసుకుని అందుకుంది.

“బండి కట్టుకుపోయావయ్యా, బిడ్డ ఒళ్లు కాలుతుంటే...
అవును, బండి కట్టుకుపోయావయ్యా, బిడ్డ ఒళ్లు కాలుతుంటే...
ఒనీటా నా భుజాన చల్లబడింది, సగం దారి ఉండగానే!”

సీఫస్ వేళ్లు తడబడ్డాయి, కానీ ఆగలేదు. ఆడేవాళ్ల కాళ్లు ఆగిపోయాయి. టెంపీ లేచి వచ్చి కోడలి భుజం తడిమింది... పిల్ల తల వాలిన చోటు అదేనేమో అన్నట్టు! “ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే తల్లీ!” అని బావురుమంది. ఒడెస్సాకు ఊపిరి తిరిగినట్టయింది. నిజం బయటపడింది, ఇక చాలు!

అయితే ఆదివారం చర్చిలో పాస్టరుగారు సారాపాకలో పాడిన ఆడదని అందరిముందూ సభ్యుల పట్టీలోంచి ఆమె పేరు కొట్టేశారు. సీఫస్ మాత్రం ఇంట్లో ఒక్క మాటా అనలేదు. వాకిట్లో కూర్చుని అదే చరణం గొణుక్కుంటూ, మీటుకుంటూ గడిపాడు. పశ్చాత్తాపమేమోననుకుంది పిచ్చితల్లి!

పత్తి ఏరే కాలానికి అతను మళ్లీ ఉత్తరాదికి పోయాడు. అటునుంచే రెండో రికార్డు పంపాడు, మనిషి రాలేదు. ఆడవాళ్లంతా మళ్లీ చేరారు.

“బండి కట్టుకుపోయానయ్యా, బిడ్డ ఒళ్లు కాలుతుంటే...”

గదిలో వెక్కిళ్లు. “ఎంత గుండె ధైర్యం! తన తప్పు తనే ఒప్పుకున్నాడు! ఇలాంటి మగాడు దొరకడం నీ అదృష్టం ఒడెస్సా!” అని కళ్లొత్తుకుంది లవీనియా. మూడో పాదం వచ్చింది. “రోజీ నా భుజాన చల్లబడింది...”

“రోజీ ఎవరత్తయ్యా?” అంది ఒడెస్సా నెమ్మదిగా. “ఆ భుజం ఎవరిది?”

టెంపీ తలవంచుకుంది. ఆమెకు అంతా తెలుసు. “ఒనీటా అన్నది రాగంలో ఇమడలేదేమోనే... పోనీలే తల్లీ. ఇప్పుడు నిన్నెవరూ ఏమీ అనట్లేదుగా. వాడు నా కొడుకే మరి...” అంది.

అందరూ వెళ్లిపోయారు. టెంపీ రికార్డు తీసి దాచబోయింది. ఒడెస్సా చెయ్యి అడ్డం పెట్టింది. “ఉండనీండి అత్తయ్యా. నా బిడ్డ గురించి ఈ ఇంట్లో మాట్లాడేది అదొక్కటే...” అని పెట్టె దగ్గర కూర్చుని, తన చేత్తోనే తిప్పి, ముల్లు మళ్లీ మొదట్లో పెట్టింది.