వెచ్చటి పతకం

"శౌర్యం అన్న మాట పలకగానే పేలుతుంది. విదేశీ ముఠా వైర్‌లెస్‌లో మనకు దొరికింది అదొక్క ముక్కే," అన్నాడు చీఫ్. "సభ పదకొండింటికి. ఆ పేలుడు మంత్రం హాల్లో ఎందులో దాచారో నువ్వే పట్టుకోవాలి, బావమరిదీ."

ఏజెంట్ మసి తలూపాడు. మాంత్రిక సమాజంలో సాహసానికి ఇచ్చే అన్నిటికన్నా పెద్ద పతకం నిప్పుకన్ను. ఇవాళ దాన్ని అందుకునేది చీఫే. సరిహద్దులో అగ్నిద్వారం మూసినందుకు. మూసింది మాత్రం మసి. వీపు మీద బొబ్బలు ఇంకా మానలేదు. "ఏజెంట్ పేరు బయటికి రాకూడదు కదరా," అని చీఫ్ ఆనాడే నోరు మూయించాడు. అక్క మొగుడు. ఏమనగలడు?

పదింటికల్లా మసి పతకాలు తుడిచే పనివాడి వేషంలో హాలు వెనక గదిలో ఉన్నాడు. జేబులో స్కానర్, మంత్రాన్ని మింగేసే గుడ్డ. మైకు, కుర్చీలు, పూలకుండీలు, అన్నీ క్లీన్. చివరికి పతకం చేతిలోకి తీసుకున్నాడు.

వెచ్చగా ఉంది.

నిప్పుకన్ను సాహసం చేసినవాడి చేతిలోనే వెచ్చబడుతుంది. మిగతావాళ్లకు మంచుగడ్డ. 'నీకైనా తెలుసు' అనుకున్నాడు మసి. స్కానర్ పెట్టాలన్న ఆలోచనే రాలేదు.

ఏజెంట్ నెమలి వచ్చి పతకాన్ని పెట్టెలో పెట్టుకుని తీసుకెళ్లింది. శత్రువుల మధ్య మన మనిషిగా తిరిగే అందగత్తె ఆమె. వెళ్తూ వెళ్తూ మసి వైపు చూసి నవ్వింది కూడా.

మూలన గుడ్డలు మడతపెడుతున్న ముసలి పనామె అంది: "ముప్పై ఏళ్లుగా ఈ పతకాన్ని తుడుస్తున్నా నాయనా. వేళ్లు కొంకర్లు పోయేవి. ఇవాళే హాయిగా ఉంది, టీ గ్లాసు పట్టుకున్నట్టు."

మసి చెయ్యి ఆగిపోయింది. "నీకూ వెచ్చగా ఉందా, పెద్దమ్మా?"

"అవును మరి. నేనేం సాహసం చేశాను, మా ఆయనతో కాపురం తప్ప?"

మసి పరిగెత్తాడు.

వేదిక మీద అధ్యక్షురాలు ప్రశంసాపత్రం చదువుతోంది. పతకం అప్పటికే చీఫ్ ఛాతీ మీదుంది. దాన్ని తుడిచే నెపంతో మసి వేదికెక్కి వంగాడు.

"బావా, ఇది నకిలీ."

"తెలుసురా," చీఫ్ నవ్వు చెదరకుండా గొణిగాడు. "అసలుది నా ఒంటి మీద చల్లబడి పరువు తీస్తుందని నెమలి చేత చేయించుకున్నా. ఇది ఎవరికైనా వెచ్చగానే ఉంటుంది. దిగు."

"నెమలి ఏది?"

ముందు వరుసలో ఆమె కుర్చీ ఖాళీ. చీఫ్ ముఖం పాలిపోయింది.

చదవడం ఆఖరి వాక్యానికి వచ్చింది. పక్కకు గెంతితే చాలు, తను బతుకుతాడు. మసికి ఆ ఆలోచన రాకపోలేదు. అక్క గుర్తొచ్చింది. చొక్కా చిరిగేలా పతకాన్ని పీకి, మంత్రాన్ని మింగే గుడ్డలో చుట్టి గుప్పిట బిగించాడు.

"ఇదీ శౌర్యం," అంది అధ్యక్షురాలు.

గుప్పిట్లో తుమ్ములాంటి చప్పుడు. అరచెయ్యి కాలింది. అంతే.

నెమలి గేటు దగ్గర దొరికింది. చీఫ్ రిపోర్టులో మాత్రం వేరే రాశాడు: శత్రువును బయటికి లాగడానికి తెలిసే ఛాతీ మీద మృత్యువును ధరించాను. మసి పేరు లేదు. వారం తిరక్కుండా అసలు నిప్పుకన్ను చీఫ్‌కు తగిలించారు.

నెల తర్వాత అక్క ఫోన్ చేసింది. "మీ బావ ఎండల్లో కూడా స్వెట్టర్ విప్పట్లేదురా. ఛాతీలో చలి అంటాడు. గుండెజబ్బేమోనని భయంగా ఉంది."

"భయపడకక్కా," అన్నాడు మసి. "ఆ జబ్బు రావాలంటే ముందు గుండె ఉండాలి."