పదకొండో నెంబరు పానా

రేయ్, ముందే చెప్తా ఉండా. దమ్ముంటే ఇది నమ్ము. నమ్మకపోయినా పర్లేదు, చదివినాక ఒక్కడివే ఇంట్లో కూర్చోని, తల తిప్పకుండా, చెయ్యి వెనక్కి చాపి ఒక్క నిమిషం ఉండు చూద్దాం. ఉండలేవు. రాసిపెట్టుకో.

అల్లూరు. అరవై నాలుగో సంవత్సరం. ఊరంతా కలిపి స్కూటర్లు మూడో నాలుగో ఉండేవి అప్పట్లో. వాటికి రోగమొస్తే చోటే సాహెబ్ కొట్టు కాడికే రావాల. కుట్టుమిషన్లు, నీళ్ళ ఇంజన్లు అన్నీ చేసేవాడు గానీ ఆయన ప్రాణం మాత్రం తన సొంత స్కూటరే. నెల్లూరులో రైసుమిల్లాయన ఎవురో వదిలించుకున్న బండి అది. దాన్ని ఇంటికి తెచ్చి, నడింట్లో పాత లుంగీ పరిచి, ఇంజన్ మొత్తం విప్పి, కిరసనాయిల్లో కడిగి, మళ్ళీ బిగించి నడిపించినాడు.

ఆ పనిలో సగం పెళ్ళాం అక్తరున్నీసాదే. ఆయన ఇంజన్ మీద వంగి, తల తిప్పకుండా చెయ్యి వెనక్కి చాపి "పదకొండు" అనేవాడు. ఆమె పదకొండో నెంబరు పానా అరచేతిలో పెట్టేది. "పద్నాలుగు" అంటే పద్నాలుగు. ఆరేళ్ళ కాపురంలో సగం మాటలు ఈ నెంబర్లే.

ఆ బండికి ఒట్టి పెట్రోలు పోయకూడదు. ఐదు లీటర్లకి పావు లీటరు ఆయిల్ కలపాల. కలపకపోతే లోపల పిస్టన్ కాలిపోయి సిలిండర్ని కరుచుకుంటాది. బండి పోతా పోతానే వెనక చక్రం టక్కున నిలిచిపోతాది. మనిషి గాల్లో ఎగిరి పడతాడు.

ఆ జూన్ నెలాఖర్లో ఇసకపల్లి రోడ్డు మీద చోటే సాహెబ్ అట్టనే పడినాడు. మైలురాయికి తల తగిలింది. అక్కడికక్కడే...

శవాన్ని, బండిని ఎద్దులబండిలో తెచ్చినోడు నాగుల్ మీరా. చోటే సాహెబ్ చిన్నాన్న కొడుకు, కొట్లో ఆయన కిందే పని చేసేవాడు. గుండెలు బాదుకుంటా చోటే సాహెబ్ తల్లితో ఒక మాట అన్నాడు.

"అన్న తొందరలో ఆయిల్ కలపడం మర్చిపోయినట్టుండాడు పెద్దమ్మా..."

పరదా వెనక అక్తరున్నీసా ఏడుపు ఆగిపోయింది. ఎందుకంటే ఆ పొద్దున ట్యాంకు నింపింది చోటే సాహెబ్ కాదు. ఆయన లోపల అన్నం తింటా ఉంటే, వాకిట్లో పెట్రోలు పోసింది నాగుల్ మీరా. ఆమె కిటికీలో నుంచి కళ్ళారా చూసింది. "ఆయిల్ కలిపినావంట్రా?" అని లోపల నుంచి ఆయన అడిగినాడు. "కలిపినా అన్నా" అన్నాడు వాడు.

ఆయిల్ డబ్బా అటక మీదే ఉండాది. దించనే లేదు.

వాడికి కొట్టు మీద కన్ను. అన్న పెళ్ళాం మీద ఇంకా పెద్ద కన్ను.

మొగుడు పోయినాక నాలుగు నెలల పది రోజులు ఇద్దత్. ఆడమనిషి గడప దాటకూడదు, పరాయి మొగోళ్ళ కంట పడకూడదు. ఆ రోజుల్లో పెళ్ళి మాటే ఎత్తకూడదంటారు. కానీ అత్త నాగూర్‌బీ నెల తిరక్కముందే మొదలుపెట్టింది.

"ఇంట్లో మొగోడు లేకపోతే ఎట్టా అక్తరూ? మీరా మంచోడు. పరాయోడా ఏమన్నా? ఇద్దత్ అయిపోయిన మరసటి శుక్రవారం నికా పెట్టించేస్తా."

"అత్తమ్మా, నీ కొడుకుని చంపింది..."

"నోరు ముయ్యి! ఒక బిడ్డని మట్టిలో పెట్టినా. కొడుకు మాదిరి ఉన్న ఇంకొకణ్ణి కూడా తీసేస్తావా?"

అయిపోయింది. ఇంక ఎవురికి చెప్తాది? ఎవురు నమ్ముతారు? ఆమె చేతిలో ఉండేది నాలుగు నెలల పది రోజులు, నడింట్లో మూలన పడున్న ఒక చచ్చిన స్కూటరు. అంతే.

అత్త మధ్యాహ్నం నమాజు చేసుకోని నిద్రపోతాది. ఆ గురక మొదలవగానే అక్తర్ తలుపేసుకోని లుంగీ పరిచేది. ఇంజన్ విప్పాల. ఆ పిస్టన్ని బయటికి తీయాల. ఆయిల్ లేక కాలిపోయిన పిస్టన్ ఎట్టుంటాదో పని తెలిసినోడెవుడైనా చూసి చెప్తాడు. దాన్ని మసీదు పెద్దల ముందర పెట్టాల.

ప్లగ్గు తీసి, ఆ బొక్కలో కిరసనాయిలు, కొబ్బరినూనె కలిపి పోసి వారం నానబెట్టింది. చెక్కముక్క పెట్టి కొట్టింది. కదల్లేదు. ఇంకో వారం. కదల్లేదు. కొట్టిన ప్రతి దెబ్బకీ పళ్ళు కొరుకుతా ఒకే మాట.

"వాణ్ణి వదలమాక. నువ్వు యాడున్నా సరే... వాణ్ణి వదలమాక."

ఇంకో రోజు పొద్దున లేచి చూస్తే పిస్టన్ లుంగీ మీద ఉండాది. బయట. దానంతట అదే. తుడిచి పెట్టినట్టు. పక్కంతా గీతలు, గోళ్ళతో రక్కినట్టు.

సరే, నానింది, జారింది అనుకుంది. అట్ట అనుకోక ఏం చేస్తాది?

ట్రంకుపెట్టెలో చోటే సాహెబ్ దాచిపెట్టిన కొత్త పిస్టన్ ఒకటుండాది, రింగులతో సహా, జిడ్డు కాగితంలో చుట్టి. పాతది దొరికినాక పని ఆపేయొచ్చు గదా? ఆపలేదు. ఆయన బండి అట్ట చచ్చిపడుండడం ఆమెకి ఇష్టం లేదు. సిలిండర్ని గరుకు కాగితంతో రుద్దింది, అద్దం మాదిరి అయ్యేదాకా.

ఆ రోజు చానా ఎండ. తలుపులేసిన గదిలో కిరసనాయిలు కంపు, చెమట, ఈగల రొద. సిలిండర్ మూత బిగిస్తా ఉండాది. తల వంచుకోనుంది. ధ్యాసంతా నట్టు మీదే. అలవాటుగా, ఆయన చేసినట్టే, చెయ్యి వెనక్కి చాపి "పదకొండు" అనింది.

అన్నాక ఆమెకే నవ్వొచ్చింది. ఇచ్చేదెవురు?

చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

అరచేతిలో పానా పడింది.

చల్లగా... తడిగా...

పక్క గదిలో అత్త గురక వినపడతానే ఉండాది.

మెల్లిగా తల తిప్పింది. ఎవురూ లేరు. గడియ వేసిందే వేసినట్టుండాది. చేతిలో చూసుకుంటే పదకొండో నెంబరే. దానికి తడి ఇసక అంటుకోనుండాది. ఆయన్ని పూడ్చిన మన కబరస్తాన్ సంగతి తెలుసు గదా, అడుగు లోతు తవ్వితే అదే ఇసక.

ఆ రోజు ఇంక పానా ముట్టలేదు. రాత్రంతా అత్త పక్కనే ముడుచుకోని పడుకుంది. కానీ మరసటి రోజు గురక మొదలవగానే... మళ్ళా లుంగీ పరిచింది. మళ్ళా చెయ్యి చాపింది.

"పద్నాలుగు."

వచ్చింది.

తిరిగి చూస్తే మూడు రోజులు రాదు. చూడకుండా ఉంటే వస్తాది. ఆ లెక్క తెలిసినాక ఆమె తిరగడం మానేసింది. పానాతో పాటు వేళ్ళు తగిలేవి. మొదట్లో గోటి కొస తగిలేది. తర్వాత మొత్తం వేళ్ళు. తర్వాత వదలడానికి టైం తీసుకునేవి. పచ్చి మట్టి వాసన, పెట్రోలు వాసన కలిసి మెడ మీద ఊపిరి మాదిరి...

"వాణ్ణి వదలమాక" అనేది ఆమె.

ఒకరోజు వెనక నుంచి "ఊఁ" అని వినపడింది.

చోటే సాహెబ్ గొంతు కాదురా అది. ఆయన గొంతులో ఎవురో మట్టి కూరినట్టుంది.

కార్తీక మాసం వానలు పట్టుకున్నాయి. ఇద్దత్ ఆఖరి రోజు వచ్చేసింది. గురువారం. రేపు నికా. నాగుల్ మీరా నికా చదివే ఖాజీని పిలవడానికి ఇసకపల్లి పోవాల, అన్న స్కూటర్ మీదే పోతానని కబురు పెట్టినాడు. నడింట్లో బిగించి నిలబెట్టిన బండి చూసి, తయారుగా ఉండాదని నాగూర్‌బీ మురిసిపోతా వాడికి చెప్పేసింది మరి.

అక్తర్ పెట్రోలు డబ్బా ముందర పెట్టుకోని కూర్చుంది. పక్కన ఆయిల్ డబ్బా. నాలుగు నెలలుగా అడిగింది దీని కోసమే గదా. ఆయిల్ పోయకపోతే చాలు. ఎవురికీ తెలియదు. వాడు చేసిందే వాడికి.

ఆ పని చెయ్యడానికి ఆమెకి చెయ్యి రాలేదు.

చోటే సాహెబ్ బతికున్నప్పుడు అనేవాడు, పగోడి బండైనా సరే, మన చేతిలో నుంచి ఆయిల్ లేకుండా బయటికి పోకూడదని. ఆ చేతుల కాడే పని నేర్చుకుంది ఆమె. పిస్టన్ ఉండాది గదా, రేపు నికాకి పెద్దలంతా వస్తారు గదా, అందరి ముందర పెట్టి వాడి మొహాన అడుగుదాం అనుకుంది. పావు లీటరు కొలిచి, పెట్రోల్లో కలిపి ట్యాంకులో పోసింది.

"వద్దు" అనింది వెనక నుంచి.

ఆమె తిరగలేదు. "చాలు. ఇంక వదిలెయ్. నేను చూసుకుంటా" అని గొణిగింది.

ఆయిల్ డబ్బా మూత బిగించింది.

తర్వాత... వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె కుడి చెయ్యి పట్టుకుంది. వేళ్ళలో వేళ్ళు దూర్చి. గట్టిగా. ఇంకా గట్టిగా. మోచేతి దాకా ఐసు మాదిరి అయిపోయింది. ఆ పట్టు వదిలినట్టు తెలియలేదు. ఆమె చేతి లోపలికే పోయినట్టుంది.

ఆ తర్వాత ఆమె చేతికి స్పర్శ లేదు. వేలాడతా ఉంది, అంతే.

మూడు గంటలకి వాన తెరపిచ్చింది. నాగుల్ మీరా వచ్చినాడు. అత్తరు పూసుకోని, కొత్త చొక్కా తొడుక్కోని. అక్తర్ తలుపు వెనక నిలబడింది.

"ఏం భాబీ, ఇద్దత్‌లో కూర్చోని తస్బీ పూసలు తిప్పుకోమంటే పానా తిప్పినావంట!" అని పగలబడి నవ్వినాడు. నవ్వి, ట్యాంకు మూత తీసినాడు. "ఆయిల్ కలిపినావా?"

"కలిపినా."

వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసుకున్నాడు. మళ్ళా ముంచినాడు. "నిజంగా కలిపినావా?"

"మర్చిపోడానికి నేనేమన్నా మీ అన్ననా?"

వాడి నవ్వు ఆగిపోయింది. "ఏందా మాట?"

"నువ్వు చెప్పిన మాటే గదా మీరా."

వాడు మూడోసారి వేలు ముంచినాడు. జిడ్డు బాగానే తగిలింది. తుడుచుకోని, కిక్కు కొట్టినాడు. ఒక్క కిక్కుకే స్టార్ట్ అయింది. చోటే సాహెబ్ ఉన్నప్పుడు కూడా అంత నున్నగా పలకలేదంట ఆ ఇంజన్.

సాయంత్రం నమాజుకి నిలబడింది అక్తర్. ఎడమ చెయ్యి లేచింది. కుడి చెయ్యి లేవలేదు. మధ్యలో ఉండగా ఆ కుడి చేతి వేళ్ళు ఒక్కసారిగా ముడుచుకున్నాయి. గుంజుకున్నాయి. గిర్రున తిరిగేదాన్ని దేన్నో పట్టుకున్నట్టు భుజమంతా అదిరిపోయింది. గదంతా రబ్బరు కాలిన కంపు...

తర్వాత అంతా నిమ్మళం.

దీపాలు పెట్టకముందే కబురొచ్చింది. ఇసకపల్లి రోడ్డు. అదే మైలురాయి. జనం బండిని తెచ్చి వాకిట్లో పడేసినారు. "మళ్ళా ఇంజన్ పట్టేసిందమ్మా. చక్రం నిలిచిపోయింది" అన్నారు.

వాళ్ళు పోయినాక అక్తర్ లాంతరు పట్టుకోని పోయింది. ఎడం చేత్తో కిక్కు నొక్కింది. బుస్సుమని దిగింది. ఇంకోసారి నొక్కింది. పిస్టన్ వెన్న మాదిరి ఆడతా ఉండాది. పట్టేయలేదు. ఇంజన్ ఏమీ కాలేదు.

మరి చక్రం ఎట్టా నిలిచింది?

లాంతరు వంచి వెనక టైరు చూసింది. టైరు మీద నాలుగు గాట్లు. ఒక పక్కన బొటనవేలు గాటు. రబ్బరు కరిగి నొక్కుకుపోయినట్టు.

చిన్న చెయ్యి. ఆడమనిషి చెయ్యి.

కుడి చెయ్యి పైకెత్తి ఆ గాట్లలో పెట్టింది. సరిగ్గా సరిపోయింది. తిప్పి చూసుకుంటే అరచేతి నిండా నల్లగా, తోలు ఊడి... నొప్పి మాత్రం లేదు.

లోపలికొచ్చి పైటలో చెయ్యి దాచుకుంది. నాగూర్‌బీ ఏడ్చి ఏడ్చి మంచం మీద వాలిపోయి, కళ్ళు మూసుకోనుంది.

"అక్తరూ... కాసిని నీళ్ళియ్యమ్మా..."

గ్లాసు కోసం చెయ్యి చాపింది అక్తర్. పైటలో నుంచి కుడి చెయ్యే ముందుకొచ్చింది. గ్లాసు కాడికి పోలేదు. ముసలామె తల మీదికి పోయింది. జుట్టు నిమిరింది, మెల్లిగా.

కళ్ళు తెరవకుండానే నాగూర్‌బీ మొహం వెలిగిపోయింది. "చోటే... వచ్చినావా నాయనా?"

అక్తర్ గుంజుకుంటా ఉండాది. ఎడం చేత్తో పట్టి లాగతా ఉండాది. రావడం లేదు. ఆ చెయ్యి నుదుటి మీద నుంచి చెంప మీదికి, చెంప మీద నుంచి కిందికి, మెడ కాడికి... ఒక్కొక్క వేలే...

ఆఁ మా! వస్తా ఉండా! రేయ్ మా అమ్మ పిలస్తా ఉంది, పోయొస్తా, మిగతాది వచ్చినాక రాస్తా...