ఎర్రబడని పసుపు

"కోనసీమలోకి ఆర్డీఎక్స్ వెళ్లింది. సోడియం ఫాస్ఫేట్ బస్తాలో," అన్నారు చీఫ్ వీరవెంకటసత్యనారాయణ.

"ఎక్కడికి సార్?" అడిగాడు ఏజెంట్ నాగసతీష్.

"తెలీదు. నువ్వు కెమిస్ట్రీ చదివావుగా, వెళ్లి తేల్చు."

అది 1997, హైదరాబాద్‌లో ముసురు పట్టిన ఆగస్టు. నాగసతీష్‌కి ఒళ్లు మండింది. సోడియం ఫాస్ఫేట్ వాడనిదెక్కడ? రొయ్యలు నీరు వదలకుండా నానబెట్టేది అందులోనే. చీజ్ విరక్కుండా కలిపేదీ అదే. బన్ను పొంగడానికి ఒక రకం, సబ్బుపొడికి ఒక రకం, బాయిలర్‌లో సున్నం పేరుకోకుండా మరో రకం.

"అక్కడ మన మనిషి ఒకరున్నారు. నిన్ను కలిసి 'కొబ్బరి రేటెంత' అని అడుగుతారు. 'నిన్నటి రేటు రేపు చెబుతాను' అనాలి నువ్వు. అదే కోడ్."

కోడ్ ఎంచినవాడు అంబాజీపేట ఎప్పుడూ చూసి ఉండడని దిగిన పూటే అర్థమైంది. అక్కడ మనిషికి మనిషి ఎదురైతే అడిగేది కొబ్బరి రేటే. కెమికల్స్ సేల్స్‌మన్ వేషంలో ఉన్న నాగసతీష్ అడిగిన ప్రతివాడికీ కోడ్ జవాబే చెప్పాడు. జనం అతన్ని ఎగాదిగా చూసి తప్పుకున్నారు. విసుగెత్తి మానేశాడు.

పనీ అలాగే ఏడిచింది. రాజోలు రొయ్యల షెడ్డులో శాంపిల్ తీసి హైదరాబాద్ పంపితే, ఫాస్ఫేటే అన్నారు. అమలాపురం సబ్బుల గోడౌన్, ఫాస్ఫేటే. కొత్తపేటలో ఏసుదాసు బేకరీ మీద పోలీసుల్ని వెంటేసుకుని దాడి చేస్తే, పిండి పొంగించే ఫాస్ఫేట్ బయటపడింది. ఏసుదాసు కోప్పడలేదు. "పొద్దుటేల వచ్చేరు, బన్ను తినండి బాబూ," అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది నాగసతీష్‌కి.

మిగిలింది శ్రీకళ. ఆర్డీఎక్స్ తెచ్చిన ముఠాలో డిపార్టుమెంటు దగ్గర ఫొటో ఉన్నది ఆమె ఒక్కదానిదే. కోల్ అనే విదేశీ బాయిలర్ నిపుణుడికి లోకల్ ప్రతినిధినని చెప్పుకుంటుంది. నల్ల కళ్లద్దాలు, నీలం ఎస్టీమ్ కారు. నెల్లాళ్లుగా అద్దె స్కూటర్ మీద ఆమె వెనకే తడుస్తున్నాడు. ఎదురుపడినప్పుడల్లా ఆమె కూడా ఊళ్లోవాళ్లలా రేటే అడిగేది, అతను మొహం తిప్పుకునేవాడు.

ఆ ఉదయం తాటిపాక సెంటర్లో స్కూటర్ ఆగిపోయింది. ఎంత తన్నినా కదల్లేదు. ముందు వెళ్తున్న ఎస్టీమ్ వెనక్కి వచ్చింది. శ్రీకళ అద్దం దించింది.

"కొబ్బరి రేటెంతండీ?"

"అంబాజీపేట వెళ్లి అడగండి," అన్నాడు కసిగా.

ఆమె కళ్లద్దాలు తీసింది. కళ్లు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. "నెల్లాళ్లుగా ఎక్కడ కనబడితే అక్కడ అడుగుతున్నానండీ. ఒక్కసారైనా సరైన జవాబు చెప్పేరా?"

నాగసతీష్ చెయ్యి పిస్టల్ మీదికి పోయింది. "నువ్వు వాళ్ల మనిషివి."

"వాళ్లూ అలాగే అనుకుంటున్నారు. మీ చీఫ్ గారు నన్ను తన వైపు తిప్పుకుని ఏడాదైందండీ. బస్తా ఎక్కడుందో కోల్ నాకు ఇందాకే చెప్పేడు. చెప్పి రాజమండ్రి వెళ్లిపోయేడు. ఫోన్లు పనిచేయట్లేదు. ఎక్కండి."

బస్తా ఉన్నది తాటిపాక దాటాక వచ్చే ప్రైవేటు గ్యాస్ ప్లాంటులో. బాయిలర్‌కి ఆనుకుని స్టోర్, పక్కనే గ్యాస్ లైను, గోడవతల ఇళ్లు. షిఫ్ట్ సైరన్ వేళకి టైమర్ పెట్టారు. ఏ బస్తాలో ఉందో శ్రీకళకీ తెలీదు.

మేనేజర్ గంగాధరరావు ఎదురొచ్చి, ప్లాంటు ఆపమంటే దణ్ణం పెట్టాడు. "ప్లాంటు ఆపాలంటే హెడ్డాఫీసు పర్మిషన్ కావాలండీ. లైను కలవట్లేదు. కాసిని కాఫీ తాగుతూ ఉండండి."

"బాంబుందయ్యా," అన్నాడు నాగసతీష్.

"ఆయ్. లెటర్ ఏదైనా తెచ్చేరాండీ?"

శ్రీకళ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి రివాల్వర్ తీసి చూపించింది. గంగాధరరావు దాన్ని కాసేపు పరిశీలించి, "అలాగేనండీ," అని బాయిలర్ ఆపించి, జనాన్ని గోడవతల వాళ్లతో సహా పొలాల్లోకి పంపాడు.

స్టోర్ నిండా ట్రైసోడియం ఫాస్ఫేట్ బస్తాలు. అన్నీ తెలుపే. డిపార్టుమెంటు ఇచ్చిన డిటెక్టర్ చెమ్మకి చచ్చిపోయింది. నాగసతీష్ దాన్ని గోడకేసి కొట్టి, ఒక్క క్షణం తల పట్టుకున్నాడు. తర్వాత క్యాంటీన్‌లోకి పరిగెత్తి, పసుపు డబ్బా, పళ్లెం, నీళ్లు తెచ్చాడు.

"ఇది గట్టి క్షారం. పసుపునీళ్లలో వేస్తే ఎర్రబడుతుంది. ఎర్రబడనిదే మనది. పొడుస్తూ ఉండు."

ఆమె ప్రతి బస్తానీ కత్తితో మెల్లిగా చీల్చింది. అతను చిటికెడు పొడి కొత్త పసుపునీళ్లలో వేశాడు. ఎరుపు. మళ్లీ ఎరుపు. వరస తర్వాత వరస ఎరుపే. ఈసారీ తప్పు చోటికే వచ్చానేమో అనుకున్నాడు.

కిటికీ పక్క బస్తా దగ్గర నీళ్లు పసుపుగానే ఉండిపోయాయి.

శ్రీకళ బస్తాని నిలువునా కోసింది. లోపల చిన్న అలారం గడియారం. ముల్లు రాగిరేకుని ముట్టబోతోంది. వైర్లు పొడిలో చిక్కుపడి ఉన్నాయి, పీకడానికి లేదు. ఆమె తన విజిటింగ్ కార్డు తీసి, ముల్లుకీ రేకుకీ మధ్య దూర్చింది. సైరన్ దానంతటదే మోగింది. ముల్లు కార్డుని తాకి ఆగింది.

కాసేపటికి గానీ ఆమె వేళ్లు కార్డుని వదల్లేదు.

సాయంత్రానికి పోలీసులు వచ్చి బస్తాని తీసుకెళ్లారు, లైనూ కలిసింది. వాళ్ల వైర్‌లెస్ కబురుతో కోల్‌ని రాజమండ్రి స్టేషన్లో పట్టుకున్నారని చెప్పారు చీఫ్.

"ఈవిడ మనవాళ్లేనని నాకెందుకు చెప్పలేదు సార్?"

"చెబితే నీకు నటించడం రాదు."

నాగసతీష్ ఫోన్ పెట్టేసి ఇవతలికొచ్చేసరికి గంగాధరరావు స్టాక్ బుక్కుతో నిలబడి ఉన్నాడు.

"బస్తాలన్నిటికీ చిల్లులు పెట్టేరండీ. ఆడిటర్లు అడుగుతారు. ఏం రాయమంటారు?"

"ఎలకలు కొరికాయని రాయండి."

"ఆయ్," అని కలం తీశాడు గంగాధరరావు. "ఎన్ని ఎలకలండీ?"

నాగసతీష్ శ్రీకళ వైపు చూశాడు.

"రెండు," అన్నాడు.