ఖాళీ చేసి అప్పగించిన సర్వర్

సాయంత్రంలోగా రాజీనామా ఇవ్వాలి, లేకపోతే పోలీసు కంప్లైంటు. ఇస్నాపూర్‌లో టిఫిన్ సెంటర్ పైన ఉన్న డిటెక్టివ్ ఆఫీసు గదిలో కూర్చున్న తహ్రీమ్ ఆ మాట తప్ప మరోటి సరిగా చెప్పలేకపోయింది. ప్రైవేట్ డిటెక్టివ్ ధనలక్ష్మి నడుంనొప్పితో కుర్చీలో సర్దుకుంటూ విన్నది. బ్యాంకు కంప్యూటర్ల ఉద్యోగం విసుగొచ్చి మానేసి ఈ పనిలోకి వస్తే, ఇప్పుడు ఇదీ విసుగొచ్చింది. అసిస్టెంటు రవళికి మాత్రం మేడమ్ ఆవలించినా అందులో ఏదో ఆలోచన ఉందనే నమ్మకం.

పటాన్‌చెరులో మందుల ముడిసరుకు చేసే కంపెనీలో తహ్రీమ్ కంప్యూటర్ ఆపరేటర్. మధ్యాహ్నం డ్యూటీ. లారీల తూకం చీటీలు సర్వర్ నుంచే రావాలి. కొన్నాళ్లుగా ఆమె కూర్చోగానే సర్వర్ నీరసపడిపోతోంది, లారీలు రోడ్డు దాకా ఆగుతున్నాయి. పైగా ఖాళీగా ఆమె చేతికొచ్చిన సర్వర్ మెమరీ ఆమె కూర్చోగానే నిండడం మొదలై, సాయంత్రానికి తెర మీది మెమరీ గీత ఎర్రబడుతోంది. కంపెనీ ఫైళ్లు దొంగతనంగా కాపీ చేసి ఎవరికో అమ్ముతోందని మేనేజర్ రాజశేఖర్ తేల్చేశాడు.

"దొంగ అని పేరు పడితే ఈ చుట్టుపక్కల ఇంకెవరు పనిస్తరు మేడమ్? నా జీతం మీదనే ఇల్లు నడుస్తది," అంది తహ్రీమ్.

ధనలక్ష్మి లేచి చెప్పులు వేసుకుంది.

వాళ్లు వెళ్లేసరికి తూకం గదిలో పొద్దుటి డ్యూటీ ముగుస్తోంది. షిఫ్ట్ ఇన్‌చార్జ్ నర్సింహ జుట్టు నెరిసిన మనిషి. రసాయనాలు ఉడికించే రియాక్టర్ల దగ్గర చాలా కాలం చేసి, ఊపిరి సరిగా ఆడక ఈ గదికి మారాడు. బల్ల తుడిచాడు. చెత్తబుట్ట ఖాళీ చేశాడు. సగానికి పైగా టీ ఉన్న ఫ్లాస్కును తీసుకెళ్లి తూములో వంపేశాడు. ఆ టీ మీదే ఆశ పెట్టుకున్న రవళి ప్రాణం ఉసూరుమంది. చివరగా కంప్యూటర్‌లో ఏదో నొక్కి, తెర మీద ఆకుపచ్చకు దిగిన గీతను చూపించాడు.

"సూడుండ్రి, నేనైతే సాఫ్‌గ అప్పజెప్పి పోతున్న. ఆ పిల్లనే నింపుతది."

తహ్రీమ్ కూర్చుంది. మొదటి చీటీకే తెర బిగుసుకుపోయింది. బయట హారన్లు మొదలయ్యాయి. క్యాంటీన్‌లో టీ మళ్లీ పెట్టాలట, ఆలస్యమవుతుందట. ధనలక్ష్మి కళ్లు మూసుకుని కూర్చుంది. నిద్రపోయిందేమోనని రవళికి కూడా అనుమానం వచ్చింది. కాసేపటికి లేచి లారీ డ్రైవర్లతో మాట్లాడింది. పొద్దున కిటికీలోంచి చూస్తే గీత ఎర్రగా ఉందని, అప్పుడు చీటీలు చకచకా వచ్చాయని వాళ్లు చెప్పారు. తర్వాత సర్వర్ నుంచి బయటికి ఏం పోతోందో తహ్రీమ్ చేత చూపించుకుంది. ఏమీ పోవడం లేదు. మెమరీలో ఉన్నవన్నీ రోజూ అడిగే లారీల ఫైళ్లే.

పొద్దువాలింది. గీత ఎర్రబడింది. ధనలక్ష్మి మేనేజర్ని పిలిపించింది, ఇంటికెళ్లిన నర్సింహను వెనక్కి రప్పించింది. అందరి ముందూ ఒక చీటీ తీయించింది. వెంటనే వచ్చింది.

"గీత ఎర్రగనే ఉంది కదా రాజశేఖర్ గారూ, మరి ఆగలేదేం?" అంది. తర్వాత నర్సింహ వైపు తిరిగింది. "అన్నా, డ్యూటీ దిగేటప్పుడు నొక్కినవు కదా, అది ఇప్పుడు నొక్కు."

నర్సింహ నొక్కాడు. గీత ఆకుపచ్చకు పడిపోయింది. తర్వాతి చీటీకి తెర బిగుసుకుంది.

"దొంగతనం లేదు," అంది ధనలక్ష్మి అలసటగా. "సర్వర్ ఒకసారి డిస్కు నుంచి తెచ్చిన ఫైలును, ఊరికే పడున్న మెమరీలో దాచి పెట్టుకుంటది. మళ్లీ అడిగితే అక్కడి నుంచే జల్దీ ఇస్తది. దాన్ని క్యాష్ అంటరు. వేరే పనికి జాగా కావాలంటే తానే ఖాళీ చేసి ఇస్తది. నిండితే రోగం కాదు. దాన్ని పారబోస్తే ప్రతి ఫైలూ మళ్లా ఆ పాత డిస్కు నుంచి తేవాలె. మధ్యాహ్నం ఫ్లాస్కుల టీ ఉండె, అన్న పారబోసిండు. మేమంతా టీ కోసం కూసున్నం. సర్వర్ కూడా గంతే. తహ్రీమ్ వచ్చినంక ఆగుడు కాదు, అన్న పోయినంక ఆగుతున్నది."

మెమరీ చూపించే కొత్త తెరను ఈమధ్యే పెట్టించానని, ఎర్రగా కనిపిస్తే నొక్కమని సర్వర్ పెట్టినవాళ్లు ఒక బటన్ ఇచ్చి పోయారని రాజశేఖర్ నీళ్లు నమిలాడు.

నర్సింహ గోడకు ఆనుకున్నాడు. "రియాక్టర్ ఖాళీ చెయ్యకుండ అప్పజెప్పిపోయిండ్రు ఒకసారి. లోపల నిండ ఉన్నదని తెల్వక తర్వాత డ్యూటీకొచ్చినోళ్లు ఆవిరి ఇచ్చిండ్రు. ఇద్దరు సచ్చిపోయిన్రు, నా కండ్ల ముంగట. అప్పటిసంది నేనేదీ నింపి ఇడిసిపెట్టలే." అతన్ని తిట్టాలని రవళికి ఉన్న కోపమంతా పోయింది.

రాజశేఖర్ గొంతు సవరించుకుని, సరే, రేపటి నుంచి మామూలుగా డ్యూటీకి రమ్మని తహ్రీమ్‌తో అన్నాడు.

"దొంగ అని గేటు కాడ అందరి ముంగట అన్నరు సార్," అంది తహ్రీమ్. "కాదని గూడ గక్కడనే చెప్పుండ్రి."

అతను ధనలక్ష్మి వైపు చూశాడు. ఆమె గేటు వైపు తల ఊపింది. అతను వెళ్లి గేటు దగ్గర, లారీల మధ్య నిలబడి చెప్పాడు. చిన్న గొంతుతోనే అయినా చెప్పాడు.

నర్సింహ ఇంటికి బయల్దేరాడు. అలవాటుగా చెయ్యి ఫ్లాస్కు మీదికి పోయింది. క్యాంటీన్ నుంచి తర్వాత వచ్చిన టీ అందులో ఇంకా ఉంది. తూము దాకా వెళ్లి ఆగాడు. మూత బిగించి, తెచ్చి తహ్రీమ్ ముందు పెట్టాడు.

"వేడిగ ఉంది, తాగు బిడ్డా," అన్నాడు.