ఫోటో చాలా బాగుంది

“వాడు గేటు దగ్గరికి వస్తాడు. నువ్వు ఆపవు,” అన్నాడు చీఫ్.

పిల్లి నోరు తెరిచి ఉండిపోయాడు. పిల్లి అంటే మన ఏజెంటే. అడుగుల చప్పుడు వినపడదని సర్వీసులో పెట్టిన పేరది. నెలరోజులుగా ఒక రూఫ్‌టాప్ డ్యాన్స్ హాలు గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ల ఐడీ కార్డులు చూసే అసిస్టెంటుగా, దొంగపేరుతో, దొంగకార్డుతో పనిచేస్తున్నాడు.

“ఆపకపోతే నేనక్కడ ఎందుకు సార్?”

“ఆపితే ఏమవుతుంది? ఈ రాష్ట్ర చట్టంలో అది ఫేక్ ఐడీ కేసు, అంతే. సాయంత్రానికల్లా బెయిల్ తెచ్చుకుని దర్జాగా విమానం ఎక్కేస్తాడు. నాకు వాడు ఆయుధంతో దొరకాలి.”

‘మిర్రర్’ అనే విదేశీ ముఠా స్కానర్‌ని కూడా బోల్తా కొట్టించే కార్డులు తయారుచేస్తోంది. వయసు చాలని కాలేజీ కుర్రకారుకి ఊరికే పంచి, బార్ల గేట్ల మీద టెస్టింగ్ పూర్తిచేసింది. మెషీన్ ప్రతిసారీ పచ్చలైటే వేసింది. అసలు కార్డు మీద మెరిసే ముద్రను డిజైన్ చేసిన ప్రొఫెసరమ్మ ఒక్కరే తేడా పట్టగలరు. రేపు కోర్టులో ఆవిడ సాక్ష్యం. ఇవాళ మధ్యాహ్నం అదే డ్యాన్స్ హాల్లో ఆవిడ రిటైర్మెంట్ పార్టీ. అక్కడే ఆవిడని చంపడానికి ముఠా మనిషిని పంపుతోంది.

“హంతకుడెవరో సీతాకోక చూపిస్తుంది,” అన్నాడు చీఫ్. సీతాకోక ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తున్న డబుల్ ఏజెంటు. “కోడ్ వాక్యం: లిఫ్టు చాలా స్లో. నీ జవాబు: మెట్లు ఇంకా స్లో.”

“సార్, గేటు మెషీన్లో ప్రతి ఎంట్రీ అక్క కోడ్ మీద పడుతుంది. తెలిసి ఫేక్ కార్డుని వదిలితే ఇక్కడ లైసెన్సు శాశ్వతంగా రద్దు. పక్క రాష్ట్రంలోలాగా జరిమానాతో పోదు.”

“అక్కెవరు? మీ సొంతక్కా?”

“గేటు ఇన్‌చార్జి సార్.”

“ఆవిడ సంగతి తర్వాత చూద్దాంలే.”

‘తర్వాత’ అంటే ఏమిటో సర్వీసులో అందరికీ తెలుసు. ఎన్నటికీ చూడరు.

అక్క ఆ గేటు దగ్గరే నిలబడి కూతుర్ని నర్సింగ్ చదివిస్తోంది. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. పిల్లికి పని నేర్పింది ఆవిడే. కార్డు అంచు వెంట బొటనవేలు పోనివ్వడం, ఊదారంగు లైటు కింద తిప్పడం, ఫోటోలో జుట్టు మానేసి చెవులు పోల్చడం, అన్నీ. ఆ మధ్యాహ్నం పార్టీకి ముందు తన అన్నం డబ్బా విప్పి సగం మూతలో పెట్టి అతనికిచ్చింది.

“తిను తమ్ముడూ. ముఖం అలా పీక్కుపోయిందేం? రాత్రి నిద్రపోలేదా?”

“పోయానక్కా.”

ఈవిడ తిండి తింటూ ఈవిడ కొంపే ముంచబోతున్నాను, ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకున్నాడు. అయినా తిన్నాడు. తినకపోతే ఆవిడ ఊరుకోదు.

అతిథులు మొదలయ్యారు. అక్క ఒక్కొక్కరి కార్డు చూసి, ముఖం చూసి, “ఫోటో చాలా బాగుందండీ,” అంటూ తిరిగి ఇస్తోంది. నెలరోజులుగా పిల్లి వింటున్న మాటే అది. మర్యాద కాబోలు అనుకున్నాడు.

అంతలో లిఫ్టు తెరుచుకుంది. ఆకుపచ్చ సిల్కు గౌను, మోచేతుల దాకా గ్లవ్స్. వరండా అంతా ఒక్క క్షణం మాటలు మర్చిపోయింది.

“లిఫ్టు చాలా స్లో,” అంది సీతాకోక.

“మెట్లు ఇంకా స్లో మేడమ్.”

అక్క ఆమె కార్డుని వెలుతురుకి తిప్పింది. “ఫోటో చాలా బాగుందండీ.”

“థాంక్యూ!” అని సీతాకోక అందంగా నవ్వింది.

అక్క చెయ్యి ఎర్ర బటన్ వైపు కదిలింది. పిల్లి చప్పున అడ్డం వచ్చి తనే పచ్చ బటన్ నొక్కేశాడు.

“ఏమిట్రా ఆ తొందర?”

“మనకు తెలిసినావిడేనక్కా.”

అక్క అతనికేసి ఒకసారి చూసింది. తిట్టినా బాగుండేది.

సీతాకోక లోపలికి పోతూ, వెనక వస్తున్న బూడిదరంగు టోపీ పెద్దమనిషి వైపు విసనకర్ర రెండుసార్లు ఆడించింది. వీడే! పిల్లి చొక్కా బొత్తాంలోని మైకు సవరించుకున్నాడు.

“ఫోటో చాలా బాగుందండీ,” అంది అక్క.

“ఎగతాళా అమ్మా?” టోపీ పెద్దమనిషి ఉడుక్కున్నాడు. “పోలీస్‌స్టేషన్ గోడకి అంటించేలా ఉంది. ఇలా ఇచ్చెయ్యండి!”

అక్క నవ్వుతూ పచ్చ బటన్ నొక్కింది.

“అక్కా, ఆయన కార్డు అసలుదేనా?” అని పిల్లి గుసగుసగా అడిగాడు.

“నూటికి నూరుపాళ్లు. గవర్నమెంటాఫీసులో తీసిన ఫోటో ఎవరికీ నచ్చదు తమ్ముడూ. దొంగకార్డు వాళ్లయితే నచ్చేదాకా తీయించుకుంటారు. పొగిడితే థాంక్స్ అంటారు. మెషీన్ కన్నా ముందు నేను చూసేది అదే.”

ముఠా మనిషి ముఠా కార్డుతోనే వస్తాడు. మరి ఈ టోపీ ఆయన్ని సీతాకోక ఎందుకు చూపించింది? నా చూపు తన మీద పడకుండా! అంటే హంతకురాలు తనే. నేనే, నా చేత్తో నేనే లోపలికి పంపాను. ఇక పరుగే పరుగు.

లోపల ప్రొఫెసరమ్మ కేకు ముందు నిలబడి ఉంది. సీతాకోక అభినందిస్తున్నట్టు ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసింది. రెండో చేతిలో లిప్‌స్టిక్. మూత తీసి ఉంది. రంగు ఉండాల్సిన చోట సన్నటి సూది.

పిల్లి దూకాడు. చేతికి అందిందేదో ఆవిడ మెడకీ సూదికీ మధ్య అడ్డం పెట్టాడు. టక్కుమంది. అతని మెడలో వేలాడుతున్న కార్డు. సూది సరిగ్గా ఫోటోలో ముక్కు మీద దిగబడి ఉంది.

“చాలా నచ్చిన ఫోటో మేడమ్ అది,” అని రొప్పుతూ సీతాకోక మణికట్టు వెనక్కి విరిచాడు.

పోలీసులొచ్చారు. ఇన్‌స్పెక్టర్ మెషీన్ చూసి అక్క వైపు తిరిగాడు. “ఈమెని వదిలింది మీ కోడ్. లైసెన్సు ఇవ్వండి.”

అక్క ముఖం తెల్లబోయింది. చెవిలో చీఫ్ గొంతు: “పిల్లీ, బయటపడకు. మౌనంగా జారుకో.”

నెలరోజులుగా అక్క పెట్టిన తిండి గుర్తొచ్చింది. పిల్లి చెవిలోంచి ఇయర్‌పీస్ పీకి జేబులో వేసుకున్నాడు.

“ఆవిడ ఆపబోయింది సార్. నొక్కింది నేను. నా కార్డు సర్కారు తయారుచేసిన దొంగకార్డు. ఆవిడ మోసపోయింది, అంతే.” అందరి ముందూ అసలు పేరు, సర్వీసు నంబరు చెప్పేశాడు. అక్కడితో గూఢచారి ఉద్యోగం హుళక్కి.

ఇన్‌స్పెక్టర్ లైసెన్సు తిరిగి ఇచ్చి వెళ్లాక అక్క మెట్ల మీద కూలబడింది.

“మోసపోయిందెవర్రా? మొదటి రోజు నీ ఫోటో బాగుందన్నాను. నువ్వూ థాంక్స్ అన్నావు.”

పిల్లికి తల కొట్టేసినట్టయింది. “మరి పనిలో ఎందుకు పెట్టుకున్నావక్కా?”

“ఏదో తప్పు చేసి పారిపోయి వచ్చావనుకున్నా. నాలుగు రోజులు కడుపునిండా తింటే దారిలో పడతావనుకున్నా. అదీ తప్పేగా! పద, ఇన్‌స్పెక్టర్‌కి చెప్పేస్తా.”

“నీకు దండం పెడతానక్కా, చెప్పకు. నేనాడిన అబద్ధాల్లో ఆ ఒక్కటైనా మంచిదిగా ఉండనీ.” ఏడుపు ఆగలేదు అతనికి. ఆవిడ ఓదార్చలేదు గానీ, లేచి పోనూలేదు.

తర్వాత అతన్ని ఫైళ్ల గదిలో పడేశారు. కొన్నాళ్లు ముఖం చెల్లక ఆ వీధివైపే పోలేదు. చివరికి ఒక మధ్యాహ్నం మామూలు కస్టమర్లా లైన్లో నిలబడి, అసలు కార్డు అక్క చేతికిచ్చాడు.

ఆవిడ అంచు తడిమింది. వెలుతురుకి తిప్పింది. చెవులు చూసింది.

“ఫోటో చాలా బాగుందండీ.”

“అబ్బా, దాని ఊసెత్తకక్కా! జ్వరం వచ్చిన మేకలా ఉన్నాను.”

అక్క పచ్చ బటన్ నొక్కింది.

“పద లోపలికి. పేరు మాత్రం ఆ దొంగదే బాగుండేది తమ్ముడూ.”