చెప్పింది చెప్పినట్టు

"గీ 'తీవ్ర ఆవేదన' ఎవలిది మేడం?"

కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకొని అడిగాడు నవీన్‌కుమార్. వెనక బండ కోసే మిషన్ అప్పుడే ఆగింది. నాపరాయి దుమ్ము ఇంకా గాలిలోనే ఉంది.

కృపారాణి చున్నీ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మీదే. తాండూరు కార్మికులది."

"నాదా? నాకే తెల్వకుంటనా?" అతను తండ్రి వైపు తిరిగాడు. "నాయినా, నీకు ఆవేదన ఉన్నదా?"

మిషన్ పక్కన కూర్చొని తలగుడ్డ దులుపుతున్న కిష్టప్ప కొంచెం ఆలోచించాడు. "దగ్గున్నది బిడ్డా. గదైతే లేదు."

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. కృపకూ నవ్వొచ్చింది గానీ తల దించుకుంది. ఆ కాగితం టైపు చేసింది తనే.

ఆమెది యాలాల్ దగ్గర చిన్న ఊరు. ఊరి బడిలో చదువుకొని, హైదరాబాదులో లా పూర్తి చేసి, ఇప్పుడు ప్రొఫెసర్ అరుణాదేవి దగ్గర పరిశోధనలో పనిచేస్తోంది. పనిచోట లేచే దుమ్ము మీద అన్ని దేశాలకూ పనికొచ్చే నియమం ఒకటి రాయాలని జెనీవాలో ఒక అంతర్జాతీయ సంస్థ కమిటీ వేసింది. రాసేముందు పరిశోధకుల మాట, పనివాళ్ల మాట వింటామంది. అరుణాదేవి పరిశోధన పుణ్యమా అని తాండూరుకూ వీడియోలో మాట్లాడే అవకాశం వచ్చింది. బండల పనివాళ్లు తమ తరఫున నవీన్‌ను మాట్లాడమన్నారు. డిగ్రీ చదివి, ఆ పాలిష్ యూనిట్లోనే లారీల బిల్లులు రాస్తున్నవాడు అతను.

నవీన్ ఇంగ్లీషు కాగితం కూడా తీశాడు. "నాకు ఇంగ్లీషు సమజైతది మేడం, మాట్లాడాలంటేనే నాలుక మడత పడ్తది. 'ఇమ్మీడియెట్ క్లోజర్' అంటే వెంటనే మూసెయ్యుమని గదా? ఏం మూసెయ్యాలె?"

"యూనిట్లు," అంది కృప, గొంతు తగ్గించి.

నవ్వులు ఆగిపోయాయి.

"మేం అడిగింది నీళ్లు," అన్నాడు నవీన్. "మిషన్ మీద నీళ్లు పడ్తే దుమ్ము లేవది. యూనిట్లు మూస్తే మేమేం తినాలె? గిదే చదువుమంటే నేను రాను."

కృప వాదించలేదు. రెండు కాగితాలూ అడిగి తీసుకొని, మడిచి సంచిలో పెట్టుకుంది. "వాపస్ తీసుకపోత."

పోట్లాటకు సిద్ధమై నిలబడ్డ నవీన్‌కు ఏం చేయాలో తోచలేదు. "జర చాయ్ అన్న తాగి పోండ్రి," అన్నాడు చివరికి.

ఆ సాయంత్రం వికారాబాదులోని తన గది నుంచి ఆమె అరుణాదేవికి ఫోన్ చేసింది.

"కమిటీకి చట్టం భాష కావాలి కదమ్మా," అంది ప్రొఫెసర్.

"మేడం, వాళ్ల పేరు పెట్టి వాళ్ల పనే తీసెయ్యమంటున్నాం."

"నేను హైదరాబాదులో కూర్చొని రాశాను. పొరపాటే," అంది అరుణాదేవి. "అతని మాట అతన్నే చెప్పనివ్వు. తెలుగులో చెప్తాడు, నువ్వు ఇంగ్లీషులో చెప్పు."

మర్నాడు ఆ సంగతి చెప్తే నవీన్ ఒకే షరతు పెట్టాడు. "నేను చెప్పింది చెప్పినట్టు చెప్తరా?"

"ఒక్క మాట తియ్యను. ఒక్క మాట కలపను."

"ఒట్టు?"

"ఒట్టు."

"తప్పిన్రంటే అక్కడికక్కడే లేచి వస్త."

"సరే, లేవుండ్రి."

అలా ఆమె రోజూ బస్సెక్కి తాండూరు రావడం మొదలైంది. పని అయిపోయాక బండల దొంతి మీద కూర్చొని ఇద్దరూ చెప్పడం అలవాటు చేసుకునేవాళ్లు. మొదట్లో ఆమెను పరీక్షించడానికి నవీన్ నోటికొచ్చినవన్నీ చెప్పేవాడు.

"మా ఓనర్ చాయ్‌ల చక్కెర వెయ్యనియ్యడు."

కృప ముఖం గంభీరంగా పెట్టి, జెనీవా కమిటీ ఎదురుగా ఉన్నట్టే దాన్ని ఇంగ్లీషులో చెప్పేది.

"నాకు దగ్గొస్తే?"

"దగ్గు కూడా దగ్గుత. చెప్పింది చెప్పినట్టు గదా."

కృప ఎక్కువ మాట్లాడదు. చూస్తుంది. తండ్రి దగ్గినప్పుడల్లా నవీన్ చేతిలో పెన్ను ఆగిపోవడం చూసింది. దగ్గు తగ్గాకే అది మళ్లీ కదిలేది. తను వచ్చేసరికి రెండో చాయ్ గ్లాసు మీద సాసరు మూసి ఉండటం కూడా చూసింది. కానీ దాని గురించి అడగలేదు.

జ్వరం వచ్చి ఒకరోజు రాలేకపోయింది. మర్నాడు చాయ్ దుకాణం మునీర్ ఆమెను చూడగానే గ్లాసులు కడగడం ఆపాడు.

"వచ్చినవా బేటీ. నిన్న మా నవీన్ మస్తు పరేషాన్ అయిండు. బస్సు సప్పుడైనప్పుడల్లా రోడ్డు మీదికొచ్చిండు."

"కొత్త బిల్లుబుక్కు వస్తదేమోనని చూసిన భాయ్," అన్నాడు నవీన్.

"ఒక్క బిల్లుబుక్కు, అన్ని బస్సులల్ల వస్తదా?"

నవీన్ చెవులు ఎర్రబడ్డాయి. కృప చాయ్ మీది సాసరు తీసి, ఆవిరిలో ముఖం దాచుకుంది.

కమిటీ ముందు మాట్లాడే రోజు రానే వచ్చింది. తెల్లారినప్పటి నుంచీ అనంతగిరి గుట్టల మీద వాన. తాండూరు బస్సు దిగి, తండ్రీకొడుకులు తడుస్తూ వికారాబాదులో వీడియో ఏర్పాటు చేసిన ఆఫీసు మెట్లెక్కారు. కిష్టప్ప తెల్ల చొక్కా వేసుకున్నాడు. నవీన్ ఒక చేత్తో తండ్రి మీద గొడుగు పట్టాడు. తను మాత్రం సగం తడిశాడు.

"భయమైతుందా?" అడిగింది కృప, తువ్వాల అందిస్తూ.

"లేదు," అని తల తుడుచుకొని, "అయితుంది," అన్నాడు.

తెర మీద ఎక్కడెక్కడి దేశాల ముఖాలో కనిపించాయి. ఒక గడిలో అరుణాదేవి. మధ్యలో కమిటీ అధ్యక్షురాలు, నెరిసిన జుట్టు, ముక్కు మీద కళ్లద్దాలు. తాండూరు పేరు పిలిచారు.

నవీన్ గొంతు సవరించుకున్నాడు.

"మా నాయిన బండ కోస్తడు. పొద్దుమీకి ఇంటికొస్తే, మా అక్క బిడ్డ ఆయనను గుర్తుపట్టది. తెల్లగ బూడిద పూసుకున్నట్టుంటడు. మొఖం కడుక్కున్నంకనే తాత సంకకు పోతది. మొఖమైతే కడుక్కోవచ్చు. లోపలికి పోయినదాన్ని కడుక్కోరాదు."

కృప ఒక్కో మాటనూ ఇంగ్లీషులో పెట్టింది.

"మిషన్ మీద నీళ్లు పెట్టుమని రాయుండ్రి. పని బంద్ చెయ్యుమని రాయకుండ్రి. గంతే."

ఆమె అదీ చెప్పింది. ఒక్క మాట తీయలేదు, ఒక్క మాట కలపలేదు. తెర మీద చాలామంది తలలు వంచి రాసుకుంటున్నారు.

అప్పుడు అధ్యక్షురాలు కళ్లద్దాలు సర్దుకొని ఒక ప్రశ్న వేసింది. ఇలాంటి చోట్ల పరిశోధకులే పనివాళ్లకు మాటలు నేర్పిస్తారని విన్నాను, మీకూ అలాగే జరిగిందా అని. కృప ఆ ప్రశ్నను కూడా ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పింది.

నవీన్ తువ్వాల పక్కన పెట్టాడు.

"మొదాలు నేర్పిన్రు. మాయి కాని మాటలు రాసుకొచ్చిన్రు. కాదంటే ఈ పిల్ల వాపస్ తీసుకపోయింది. మళ్ల రోజొచ్చి మా నడుమ కూసున్నది. మా దుమ్మే మింగింది. అందుకని నమ్మిన." అతను కృప వైపు చూడకుండా కిటికీలోని వాన వైపు చూశాడు. "ఆమె రాని దినం నాకు చాయ్ గూడ సయించది."

కృప ఇంగ్లీషులో మొదలుపెట్టింది. నేర్పిన మాటలు చెప్పింది, వాపసు తీసుకుపోయిన కాగితం చెప్పింది, దుమ్ము చెప్పింది, నమ్మకం చెప్పింది. అక్కడ ఆగింది. "ధన్యవాదాలు," అని ముగించింది.

నవీన్ కుర్చీలో కదిలాడు. లేస్తాడా అని ఆమె అతని వైపు చూసింది. ఒట్టు తప్పింది తనే.

అతను లేవలేదు. మైకు దగ్గరికి వంగాడు. ఇన్నాళ్లూ మడత పడ్డ నాలుకతోనే ఇంగ్లీషులో అన్నాడు. "మేడం, వన్ సెంటెన్స్ పెండింగ్."

అధ్యక్షురాలు కళ్లద్దాల మీదుగా కృపను చూసింది. మిగిలింది కూడా చెప్పమన్నట్టు చెయ్యి చూపించింది. గడిలో అరుణాదేవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కృప ముఖమంతా వేడెక్కింది. ఆమె రాని రోజు తనకు టీ కూడా సహించదని అతను అంటున్నట్టు, తెర మీది దేశాలన్నిటికీ చెప్పింది. చెప్తున్నంతసేపూ ఆమె కళ్లు బల్ల మీదే ఉన్నాయి. ఒకరిద్దరు నవ్వారు. అధ్యక్షురాలు మాత్రం తాండూరు చెప్పిన మాటల్ని ఉన్నదున్నట్టే రికార్డులో చేరుస్తామంది. చివరి వాక్యం చేర్చాలో వద్దో తాండూరే చెప్పాలంది.

"ఉండనియ్యమనుండ్రి," అన్నాడు నవీన్.

ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాని కిష్టప్ప ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. నీళ్లకు ఒప్పుకున్నరా అని అడగలేదు.

మీటింగు అయ్యాక బయట మెట్ల మీద ముగ్గురూ వాన తగ్గేదాకా ఆగారు.

"ఒట్టు తప్పిన్రు మేడం," అన్నాడు నవీన్.

"తప్పిన. సిగ్గైంది." కృప మెల్లగా అంది, "నేను రాని దినం నాకు జ్వరం. గ్లాసు మీద సాసరు మూసి పెట్టినవో లేదోనని పొద్దుందాక అదే ఫికర్."

నవీన్‌కు ఆ మాట లోపలికి దిగడానికి కొంచెంసేపు పట్టింది. దిగాక నవ్వొకటి అతని ముఖమంతా పాకింది. "పెట్టిన. సల్లారి పోయింది."

"ఆదివారం చర్చి అయినంక మా ఊరికి రాండ్రి. మా అమ్మతోని మాట్లాడుండ్రి."

"మీ అమ్మ ముందట నాకు తెలుగు గూడ మడత పడ్తది. నువ్వే చెప్పాలె."

"చెప్త. చెప్పింది చెప్పినట్టు."

కిష్టప్ప దగ్గి, గొడుగు విప్పి, ఆ ఇద్దరి మీదా పట్టాడు. తను వానలోనే నిలబడ్డాడు.

"నేను గూడ వస్త బిడ్డా," అన్నాడు. "మొఖం మంచిగ కడుక్కోనొస్త."