గుర్రం కాలికి అడ్డం

పొయ్యి మీద బియ్యం జావ ఉడుకుతుంటే తుయెత్ గోడకు జారబడి, నిలబడే ఒక కునుకు తీసింది. నిన్న పన్నెండు గంటలు కుట్టుమిషన్ మీద గడిపింది. ఇవాళ ఆదివారమే గానీ, తెల్లారకముందే మావయ్య తడిపిన దుప్పటి ఉతకాల్సి వచ్చింది. భర్త పోయి ఆరేళ్లు. పక్షవాతంతో మావయ్య ద్వాన్‌కు ఎడమ చెయ్యి పడిపోయి రెండేళ్లు.

తొమ్మిదింటికి థాయ్ బిన్ ఊరి నుంచి బావగారు వ్యాను తెస్తాడు. తుయెత్ అడిగిందనే తండ్రిని తన ఇంటికి తీసుకెళ్లిపోతాడు. ఈ సంగతి ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

ముందు గదిలో పదిహేనేళ్ల కూతురు ఖ్వే కంప్యూటర్ ముందు కూర్చునుంది. స్కూలు ప్రోగ్రామింగ్ జట్టులో చోటు దక్కాలంటే మధ్యాహ్నంలోగా ఆఖరి లెక్క తేలాలి. చదరంగం బల్ల మీద కొన్ని గళ్లలో రాళ్లుంటాయి. గుర్రం ఆ గళ్లలో దిగకుండా ఒక చోటి నుంచి ఇంకో చోటికి అతి తక్కువ ఎత్తుల్లో ఎలా చేరుతుందో ప్రోగ్రాం చెప్పాలి. పదకొండు రోజులుగా తెర మీద తప్పని ఎర్ర అక్షరాలే వస్తున్నాయి.

తుయెత్ జావ గిన్నెలు తెచ్చేసరికి తాతా మనవరాలూ నేల మీద బొత్తాలు రాళ్లుగా పేర్చుకుని గుర్రాన్ని నడిపిస్తున్నారు.

"ఐదు ఎత్తులు," అన్నాడు ద్వాన్.

"నా ప్రోగ్రామూ ఐదే అంటోంది తాతా. సరైన జవాబు మూడట."

ముసలాయన తల గోక్కున్నాడు. "ఏ గుర్రమే ఇది? మనం ఇంట్లో ఆడే సేనాపతి చదరంగానిదా, మీ బళ్లో ఆడే రాజు చదరంగానిదా?"

ఖ్వే చేతిలో బొత్తం అలాగే ఆగిపోయింది. సేనాపతి చదరంగంలో గుర్రం కాలి పక్కన ఏదైనా అడ్డముంటే అది అటు కదలదు. బళ్లో గుర్రం దేన్నైనా దూకేస్తుంది. నాలుగేళ్లప్పటి నుంచి తాతతో ఆడిన అలవాటు, ఆలోచించకుండానే ప్రోగ్రాంలోకి వచ్చేసింది.

తుయెత్ గిన్నె ఠక్కున కింద పెట్టింది. పదకొండు రోజుల చదువు మీ ఆటల పాలైందని, పొద్దస్తమానం పిల్లను ఆ బల్ల ముందే కూర్చోబెట్టారని, నోటికొచ్చిందల్లా అనేసింది.

ద్వాన్ తల వంచుకుని విన్నాడు. "నిజమే కోడలా. గుర్రం కాలికి అడ్డంగా ఉన్న బంటుని నేనే." కుడి చేత్తో మంచం కింద నుంచి సంచి లాగాడు. బట్టలు అప్పటికే సర్దున్నాయి. "పెద్దాడు నిన్న ఫోన్ చేసి చెప్పాడు. నీకు చెప్పడం కష్టమవుతుందని ఊరుకున్నా."

ఖ్వే తల్లిని చూసింది. కంప్యూటర్ దగ్గరికెళ్లి మూడు లైన్లు చెరిపి పంపింది. తెర పచ్చబడింది.

"తాత దగ్గర్నుంచి వచ్చిన తప్పు మూడు లైన్లమ్మా," అంది వెనక్కి తిరక్కుండానే. "నువ్వు పనికెళ్తే చిన్నప్పుడు తాతే నన్ను ఆడించేవాడు. గుర్రం ఒక్క ఎత్తులో చేరే చోట్లన్నిటికీ సుద్దతో ఒకటి అంకె వేసేవాళ్లం. అక్కడి నుంచి చేరే చోట్లకి రెండు. అంకె పడ్డ చోట మళ్లీ వెయ్యకూడదు. నేను రాసింది అదే. మిగతా అరవై లైన్లూ తాతవే."

తుయెత్ నేల మీద కూలబడింది.

"పిల్ల చదువు కోసమే మిమ్మల్ని పంపుతున్నానని చెప్పుకున్నా మావయ్యా. అబద్ధం. నేను అలిసిపోయాను, అంతే." ఆమె కళ్లు తుడుచుకోలేదు, ఆ ఓపిక కూడా లేదు.

"ఆ మాట ముందే అంటే పోయేదిగా," అన్నాడు ముసలాయన. "అలిసిపోవడం తప్పేం కాదు."

ఫోన్ మోగింది. బయల్దేరుతున్నానని బావగారు.

"రండి బావగారూ," అంది తుయెత్. "తీసుకెళ్లడానికి కాదు. ఇకనుంచి ప్రతి ఆదివారం మీ నాన్నకి స్నానం చేయించి, ఆ దుప్పట్లు ఉతకడానికి. ఆ పూట నేను పడుకోవాలి."

అవతలి నుంచి బావగారు సరేనన్నాడు.

ఖ్వే సంచి విప్పి తాత చెప్పులు గుమ్మం దగ్గర పెట్టింది. తుయెత్ అప్పటికే బొత్తాల పక్కన నేల మీదే నిద్రపోయింది. ద్వాన్ జావ గిన్నె మీద మూత పెట్టి, మనవరాలికి నోటి మీద వేలు చూపించాడు.